బిల్లు నొక్కితే బాత్రూం లైటు

మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్ళెవరైనా బాత్రూం ఎటని అడిగితే, "అదిగోనండీ, ఆ గుమ్మం పక్కన ఇంగ్లీషులో బిల్లు అని రాసి ఉంటుంది, అది నొక్కి వెళ్ళండి" అంటాను. వాళ్ళు ఒకసారి నా ముఖం వంక, ఒకసారి మా ఆయన ముఖం వంక చూస్తారు. మా ఇంట్లో బిల్లు నొక్కితే బాత్రూం లైటు వెలుగుతుంది. వెయిటర్ నొక్కితే పడగ్గది లైటు. నీళ్ళు నొక్కితే వంటింటి లైటు. అవన్నీ ఒకప్పుడు ఒక హోటల్లో బల్లల మీద ఉన్న పిలుపు గంటలు. వాటిని మా ఇంటి లైట్లకు స్విచ్చులుగా మార్చింది నేను. నాకు గొప్పలు చెప్పుకునే అలవాటుందని చుట్టాల్లో పేరుంది. ఉంటే ఉండనీ. ఈ ఒక్క విషయంలో ఎంత చెప్పుకున్నా నాకు తనివి తీరదు.

ముందు మా ఇంటి స్విచ్చుబోర్డుల సంగతి చెప్పాలి. కొత్తపేట నుంచి ఏటిగట్టు వైపు వస్తే మా ఊరు. మా మామగారు ఇల్లు కట్టించిన కొత్తలో ఒక వరద లోపలికి వచ్చి బోర్డులన్నిటినీ ముంచేసి పోయింది. మామగారికి కోపం ఎక్కువ. మనుషుల మీద చూపించేవారు కాదు, వస్తువుల మీద చూపించేవారు. నీళ్ళు తియ్యగానే కరెంటు పని చేసే అతన్ని పిలిపించి, తను చెయ్యి పైకెత్తి గోడ మీద సుద్దముక్కతో గీత గీసి, బోర్డులన్నీ అక్కడికి ఎక్కించమన్నారు. ఆయన ఆరడుగుల పైన ఉండేవారు. ఆ గీత ఇంట్లో ఇంకెవరికి అందుతుందో ఆయన ఆలోచించలేదు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో స్టూలెక్కి లైట్లు వేసేదాన్ని. మా అత్తగారు నాకంటే పొట్టి. ఆవిడ కవ్వం పట్టుకుని తిరిగేవారు. మజ్జిగ చిలికే కవ్వాన్ని తలకిందులుగా పట్టుకుని, కాడ చివరతో టక్కున మీట కొట్టేవారు. గురి తప్పడం నేను చూడలేదు. లైటు వేసి, అదే కవ్వం కడుక్కుని మజ్జిగ చిలికేవారు. ఆ మజ్జిగైనా ఒక గరిటెతో సరిపెట్టేవారు కాదు. మారు పొయ్యాల్సిందే. అన్నమైనా, పప్పైనా, ఆఖరికి ఊరగాయైనా ఆవిడ ఒక్కసారి వడ్డించి ఊరుకోగా నేను చూడలేదు. మా పుట్టింట్లో, రాజోలు వైపు, ఎవరి అన్నం వాళ్ళే పెట్టుకుని తినేసేవాళ్ళం. ఇక్కడికొచ్చాక ఆ మారు వడ్డనకు నేను ఎంత ఒళ్ళు చేశానో నా పెళ్ళి ఫోటోలు చూస్తే తెలుస్తుంది.

బోర్డులు కిందికి దింపించుకోవచ్చు కదా అని చాలామంది అన్నారు. మేమూ ఒకసారి అనుకున్నాం. అంతలో మరో వరద వచ్చింది. అప్పటికి మామగారు లేరు. అందరం గట్టు మీదికి వెళ్ళిపోయి, నీళ్ళు తీశాక వచ్చి చూస్తే, గోడల మీద బురద గీత సరిగ్గా బోర్డులకు జానెడు కింద ఆగి ఉంది. అత్తగారు ఆ గీతను చేత్తో తడిమి, "చూసేరా ఆయన లెక్క" అన్నారు. ఆ తరవాత బోర్డుల జోలికి వెళ్ళే ధైర్యం మా ఇంట్లో ఎవరూ చెయ్యలేదు.

మూడేళ్ళ కిందట అత్తగారు పెరట్లో కుళాయి దగ్గర జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. అమలాపురంలో ఆపరేషన్ చేసి, లోపల రాడ్డు వేసి, చేతికి వాకరు ఇచ్చి పంపించారు. వాకరు పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి. దాంతో కవ్వం వంటింటి మేకుకు చేరింది.

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. బడి వదిలాక బస్సు పట్టుకుని ఇల్లు చేరేసరికి చీకటి పడిపోతుంది. మా ఆయన అంబాజీపేటలో కొబ్బరికాయల లారీలు నింపించి వచ్చేసరికి ఇంకా ఆలస్యం. అప్పటిదాకా అత్తగారు చీకట్లో కూర్చునేవారు. నేను గేటు తీస్తుంటే ఇల్లంతా నల్లగా, అరుగు మీద తెల్లచీర ఒక్కటీ కనపడేది. పగలే లైటు వేసి వెళ్ళవచ్చు. వేశాను కూడా. "పట్టపగలు దీపమేంటమ్మా, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు" అని ఆవిడ బాధపడేవారు. సంజెవేళ తన చేత్తో దీపం వెయ్యడం ఆవిడకు ముఖ్యం. వెలుతురు ఒక్కటే కాదు ఆవిడకు కావలసింది.

ఒక సాయంత్రం ఆవిడ మేకుకున్న కవ్వం తీసుకున్నారు. వాకరు మీద ఒక చెయ్యి ఉంచి, రెండో చెయ్యి పైకెత్తి మీట కొట్టబోయి తూలారు. గోడ ఆపింది కాబట్టి భుజం వాచి ఊరుకుంది. కాకినాడలో ఉండే మా ఆడపడుచుకు ఆ సంగతి తెలిసింది. ఆవిడ మా ఆయనకంటే పెద్దది, నాకు వదినగారు. వెంటనే ఫోన్ చేసి, "దసరా సెలవులకి వచ్చి అమ్మని తీసుకెళ్ళిపోతాను. మా ఫ్లాటులో స్విచ్చులు చేతికందేటట్టు ఉంటాయి. అమ్మ ఈ వయసులో చీకట్లో కూర్చోనక్కర్లేదు" అన్నారు. ఆ మాటలో తప్పేముంది?

అత్తగారు కూతురితో "సరేనమ్మా" అని ఫోన్ పెట్టేశారు. తరవాత నా ఎదురుగా కూర్చుని బెండకాయలు తరుగుతూ, "నా ఇంట్లో దీపం నేను వేసుకోలేనప్పుడు ఇంక ఇక్కడుండి ఏం చేస్తానమ్మా. వెళ్ళిపోతాను" అన్నారు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం మామగారు పోయాక మళ్ళీ అప్పుడే చూశాను. నాకు వరద మీద, బోర్డుల మీద, ఆ సుద్దగీత మీద ఒకేసారి కోపం వచ్చింది. ఇరవయ్యేళ్ళుగా పిల్లలకు విద్యుత్తు పాఠం చెబుతున్నదాన్ని, నా ఇంట్లో ఒక లైటు వేయించలేనా అనుకున్నాను.

వదినగారు మధ్యలో ఊరుకోలేదు, మాట చెబితే లైటు వేసే డబ్బా ఒకటి పంపించారు. స్టూలు మీద పెట్టి, దాన్ని ఎలా పిలవాలో చెప్పాను. అత్తగారు చెంగు సర్దుకుని, "ఏమండీ, కాస్త లైటు వేసి పెడతారా" అని అడిగారు. అది అర్థం కాలేదని ఇంగ్లీషులో చెప్పింది. "ముక్తసరిగా లైట్ ఆన్ అనండి చాలు" అన్నాను. "కొత్తమనిషిని పట్టుకుని అలా ఎలా అంటానమ్మా" అన్నారు ఆవిడ. ఆ వారంలోనే కొబ్బరిమట్ట పడి ఇంటర్నెట్ తీగ తెగింది. డబ్బా మళ్ళీ అట్టపెట్టెలోకి వెళ్ళింది.

హోటలు గంటలు నాకు అమలాపురంలో పాతసామాన్ల కొట్లో దొరికాయి. నిజానికి వెళ్ళింది పాత ఫ్యాను రెక్కల కోసం. ఒక గోనెసంచిలో అరచేతిలో పట్టే గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ళలు నిండుగా ఉన్నాయి. ఒక్కో బిళ్ళకు మూడు మీటలు, మీటల మీద ఇంగ్లీషులో వెయిటర్, బిల్లు, నీళ్ళు. బైపాసు దగ్గర మూతపడిన హోటలు సామానట. తీగ లేదు, లోపల నాణెమంత బ్యాటరీ ఉంది. బల్ల దగ్గర నొక్కితే గల్లాపెట్టె దగ్గర మోగేవి.

"ఆయ్, అవి గంటలేనండీ. కానీ మోగవండీ. మోగే డబ్బా ఎవరో పట్టుకుపోయేరు. మోగని గంటలు తమరికెందుకండీ" అన్నాడు కొట్టాయన.

నాకు మోగడంతో పనిలేదు. నొక్కితే గాల్లోకి ఒక సంకేతం వెళుతోందా లేదా అన్నదే నాకు కావాలి. ఇంటికొచ్చి వేలెడంత రిసీవరు బోర్డును కంప్యూటరుకు తగిలించి బిళ్ళ నొక్కితే తెరమీద ఒక పెద్ద సంఖ్య వచ్చింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే సంఖ్య. రెండో మీటకు వేరే సంఖ్య. ఏ మీట సంఖ్య దానిదే. నేను కుర్చీలోంచి లేచి వంటింట్లోకి వెళ్ళి మా ఆయనకు చెప్పాను. ఆయన కొబ్బరి ధర గురించి ఫోన్లో మాట్లాడుతున్నారు. ఫోన్ పెట్టించి మరీ చెప్పాను.

ఆ తరవాతి ఆదివారాలన్నీ దానికే పోయాయి. మెయిన్ ఆపి, నిచ్చెన వేసుకుని, మా ఆయన నిచ్చెన పట్టుకుంటే నేను ఒక్కో స్విచ్చుబోర్డు విప్పి లోపల రిలే పెట్టాను. రిలే అంటే సంకేతం అందగానే చెయ్యి అక్కర్లేకుండా తనంత తాను కలిసే స్విచ్చు. గోడమీది పాత మీటలను తియ్యలేదు, అవీ పని చేస్తాయి. "టీచరుగారూ, కాలిపోతే ఇల్లొక్కటే కాలనివ్వండి, తోట దాకా రానివ్వకండి" అని మా ఆయన కిందనుంచి ఎగతాళి. ఇల్లు కాలలేదు. నేను వేసిన ఒక్క ముడి కూడా ఇప్పటిదాకా వదులవలేదు.

బిళ్ళల్లో ఒకటి మంచం పక్కన, ఒక్కొక్కటి గుమ్మాల పక్కన అంటించాను. అన్నిటికంటే మంచి ఆలోచన ఇంకోటి. తీగ లేనిది గోడకే ఉండాలని ఏముంది? ఒక బిళ్ళను వాకరు పిడికే కట్టేశాను. చెయ్యి తియ్యక్కర్లేదు, బొటనవేలు చాలు. అత్తగారికి ఇంగ్లీషు రాదు, చూపూ అంతంతమాత్రం. అందుకని వెయిటర్ మీద రాయి ఉన్న బొట్టుబిళ్ళ, బిల్లు మీద ముఖమల్ బొట్టుబిళ్ళ అంటించాను. నీళ్ళు మీద ఏమీ లేదు. వేలితో తడిమితే ఏది ఏదో తెలిసిపోతుంది. ఇది నాకెవరూ చెప్పలేదు, నాకే తోచింది.

"ఇది నొక్కితే హోటలాయన వస్తాడేంటమ్మా" అని నవ్వారు అత్తగారు. నేను ఆవిడ బొటనవేలు పట్టుకుని వెయిటర్ మీట నొక్కించాను. పడగ్గది ట్యూబులైటు మిణుకుమని వెలిగింది. మళ్ళీ నొక్కిస్తే ఆరింది. ఆవిడ ఆ లైటు వంక చూసి, నా వంక చూసి, నా బుగ్గ పుణికారు. కొలువులో చేరిన రోజు కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

మర్నాడు బడినుంచి వచ్చి గేటు తీస్తే ఇల్లు నల్లగా ఉంది. అరుగు మీద తెల్లచీర.

"లైటు వేసుకోలేదేంటి అత్తయ్యగారూ" అన్నాను. "ఇప్పుడే వేద్దామనుకుంటున్నానమ్మా, నువ్వొచ్చేవు" అన్నారు. నేను వాకరు మీది మీట నొక్కాను. వెలిగింది. ఆ మర్నాడూ అంతే. ఆ తరవాతా అంతే. నేను నొక్కితే వెలుగుతుంది, నేను లేనప్పుడు ఇల్లు చీకటి. బ్యాటరీలు మార్చాను. రిసీవరు దూరమైందేమోనని హాల్లోకి జరిపాను. బల్లి దూరిందేమోనని బోర్డులన్నీ మళ్ళీ విప్పాను. ఎందులోనూ లోపం లేదు. ఆవిడను గట్టిగా అడిగితే, "బాగానే ఉందమ్మా, నాకే గుర్తుండట్లేదు" అన్నారు. ఊళ్ళో ఎవరి పెళ్ళి ఏ ముహూర్తానికి జరిగిందో గుర్తున్న మనిషి లైటు మర్చిపోతారా? నా మీద ప్రేమతో ఏదో దాస్తున్నారని తెలుస్తూనే ఉంది, అదేంటో తెలియట్లేదు. నా కోపమంతా మా ఆయన మీదికి పోయేది. అంతలో దసరా సెలవులు వచ్చాయి, వదినగారూ వచ్చారు.

వచ్చిన రోజు సాయంత్రమే ఆవిడ తల్లి చీకట్లో కూర్చోవడం చూశారు. మర్నాడు పొద్దున్నే బీరువా తీసి తల్లి చీరలు సంచిలో సర్దడం మొదలుపెట్టారు. నేను వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగానే సర్దాను.

మధ్యాహ్నం భోజనాలకు కూర్చున్నాం. కందా బచ్చలి కూర. అత్తగారు నిలబడలేరు కాబట్టి గిన్నెలన్నీ ఆవిడ ముందే పెడతాం, ఆవిడ కుర్చీలోంచే అందరికీ వడ్డిస్తారు. కూతురి కంచంలో అన్నం పెట్టారు. గరిటె కంచం అంచుకు తగిలి టక్కుమంది.

"చాలమ్మా, నాకు షుగరు" అన్నారు వదినగారు.

"ఒక్క మెతుకైనా మారు వెయ్యాలి తల్లీ. ఒంటి వడ్డన వడ్డిస్తారా ఎవరైనా" అంటూ అత్తగారు గరిటె చివరన నాలుగు మెతుకులు తీసి మళ్ళీ వేశారు. మళ్ళీ టక్కుమంది.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అత్తయ్యగారూ, మీరు బిళ్ళ ఎన్నిసార్లు నొక్కుతున్నారు?"

"అదేం ప్రశ్నమ్మా. ఒకసారి నొక్కి ఊరుకుంటానా? మారు నొక్కుతాను" అన్నారు ఆవిడ, అడగాల్సిన సంగతి కాదన్నట్టు.

ఒక నొక్కుకు వెలగాలి, ఇంకో నొక్కుకు ఆరాలి అని కంప్యూటరులో రాసింది నేను. ట్యూబులైటు మిణుకుమని నిలిచేలోగా ఆవిడ మారు నొక్కేవారు, అది ఆరిపోయేది. "చిన్న మెరుపు మెరిసి పోతోందమ్మా. నువ్వంత కష్టపడి చేసేవు కదా, బాగోలేదని ఎలా చెప్పను" అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కుర్చీ వెనక్కి నెట్టి లేవబోయాను. అత్తగారు గరిటె అడ్డం పెట్టారు.

"మారు వడ్డించుకోకుండా లేవకు."

కూర్చున్నాను. మారు అన్నం తిన్నాను. కందా బచ్చలి కూడా మారు వేయించుకున్నాను. అప్పుడు చెయ్యి కడుక్కుని కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఆవిడ అలవాటు మార్చడం అన్న మాటే నాకు తోచలేదు. ఆ ఇంట్లో నాకంటే, ఆ బోర్డులకంటే పాతది ఆ మారు. లైటే నేర్చుకోవాలి. వెంటవెంటనే రెండు నొక్కులు పడితే వెలగాలి, ఒంటి నొక్కుకు కదలకూడదు, ఆర్పాలంటే వేలు కాసేపు అదిమి పట్టాలి అని మార్చి రాశాను. దీపాన్ని ఠపీమని ఆర్పడం ఆవిడకు ఎలాగూ నచ్చదు. వదినగారికి చెప్పలేదు. రాయడం అయ్యాక నేను ఒకసారి మాత్రం పరీక్షించాను. నా పని మీద నాకు నమ్మకం.

సంజెవేళకు అత్తగారు ఎప్పటిలాగే అరుగు మీద ఉన్నారు. మా ఆయన కూడా ఆ రోజు తొందరగా వచ్చారు, అక్కగారి ప్రయాణం మర్నాడు కదా. వదినగారు తల్లి కళ్ళజోడు కోసం పడగ్గదిలోకి వెళ్ళి గుమ్మం పక్కనున్న వెయిటర్ ఒకసారి నొక్కారు. వెలగలేదు. "చూసేవురా తమ్ముడూ. అసలు పని చెయ్యట్లేదు" అన్నారు లోపలినుంచి.

అరుగు మీద వాకరు చప్పుడైంది. అత్తగారు మెల్లగా గుమ్మం దాటి వచ్చి పడగ్గది ముందు ఆగారు. రెండు చేతులూ వాకరు మీదే ఉన్నాయి. బొటనవేలు రాయిబొట్టును వెతికి పట్టుకుంది. ఒక నొక్కు. మారు. ట్యూబులైటు మిణుకుమని, నిలబడి వెలిగింది. పైన గోడమీద సుద్దగీత ఎత్తున బోర్డు, కింద మంచం మీద సగం సర్దిన సంచి, అన్నీ కనపడ్డాయి. నా గుండె నిండిపోయింది. ఇలాంటిది చెయ్యగలిగినవాళ్ళు ఈ చుట్టుపక్కల నేను తప్ప లేరని అప్పుడే అనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

"ఒంటిగా నొక్కితే వెలగదమ్మా. మనింట్లో లైటుకైనా మారు ఉండాలి. మీ మరదలు అలా చేసింది" అన్నారు అత్తగారు కూతురితో.

అత్తగారు వాకరు ఇంకో అడుగు ముందుకు జరిపి సంచి దగ్గర ఆగారు.

"ఆ చీరలు బీరువాలో పెట్టెయ్యి తల్లీ. వెలుతురుంది కదా."